తెర మీద కథలాపూర్ దారి

రేసు ట్రాక్ అంటే ఇటలీలోనో బెల్జియంలోనో ఉండేదేనా? చిన్నప్పుడు ఎర్రబస్సు కిటికీ పక్కన కూర్చుని చూసిన కథలాపూర్ రోడ్డు రేసు ట్రాక్ కాకూడదా? కంప్యూటర్ తెర మీద అది సాధ్యమే. కాకపోతే ఆ దారిని తయారు చేయడానికి కూర్చున్నాకే, సొంత ఊరి రోడ్డు గురించి తెలియనివి ఎన్ని ఉన్నాయో తెలిసొస్తుంది.

చేతిలో స్టీరింగ్. కాళ్ల కింద బ్రేకు, యాక్సిలరేటర్. ఎదురుగా తెర. కూర్చున్న కుర్చీ అంగుళం కదలదు. రోడ్డు మాత్రం గంటకు 150 కిలోమీటర్ల వేగంతో మీదికి దూసుకొస్తుంటుంది. మలుపు తిరిగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. టైరు గడ్డి మీదికి దిగితే చేతులు అదురుతాయి. రేసింగ్ సిమ్యులేటర్ అంటే ఇదే. పైలట్లు విమానం నడపడం నేర్చుకునే యంత్రానికి ఇది తమ్ముడి వరస.

ఇందులో మోంజా, సిల్వర్‌స్టోన్ లాంటి పేరున్న ట్రాక్‌లన్నీ ఉంటాయి. వాటి మీద వందల చుట్లు తిరిగినవాళ్లలో కొందరికి ఒక కోరిక పుడుతుంది... ‘మా ఊరి రోడ్డు మీద నడిపితే ఎలా ఉంటుంది?’ అని. ఇటలీకి చెందిన కూనోస్ సంస్థ 2014లో విడుదల చేసిన ‘అసెట్టో కోర్సా’ లాంటి సిమ్యులేటర్లలో ఎవరి ట్రాక్ వాళ్లు తయారు చేసుకుని చేర్చుకోవచ్చు. అందుకు కావాల్సిన బొమ్మలు గీయడానికి ‘బ్లెండర్’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందుకే ప్రపంచం నలుమూలలా ఔత్సాహికులు రాత్రిళ్లు మేలుకుని తాము పెరిగిన వీధుల్నీ, కొండదారుల్నీ తెరకెక్కిస్తుంటారు.

మరి కథలాపూర్‌లో పుట్టి పెరిగి, బతుకుదెరువుకు దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లిన కుర్రాడొకడు అలా కూర్చున్నాడనుకుందాం. పగలంతా ఎడారిలో లారీ నడిపి, రాత్రి గదికి చేరి, కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఉన్న దారిని తెర మీద వేయాలనుకున్నాడు. ఎక్కడ మొదలుపెడతాడు?

ఊరి రోడ్లే ట్రాక్‌లు

ముందుగా ఒక మాట. ఊరి రోడ్డును రేసు ట్రాక్ అనడం వింతేమీ కాదు. అసలు రేసులు పుట్టిందే ఊరి రోడ్ల మీద. బెల్జియంలోని స్పా ట్రాక్ ఒకప్పుడు ఫ్రాంకోర్‌షాంప్, మాల్మెడీ, స్టావెలో ఊళ్లను కలిపే మామూలు రోడ్డే. చుట్టూ తిరిగితే 14 కిలోమీటర్లు. పక్కనే ఇళ్లు, పొలాల గోడలు, స్తంభాలు. 1978 దాకా రేసులు ఆ దారిలోనే జరిగాయి. ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో 1906లో మొదలైన టార్గా ఫ్లోరియో రేసుదీ అదే తీరు. 72 కిలోమీటర్ల కొండదారి, మధ్యలో ఊళ్లు. జనం ఇళ్ల ముందు నిలబడి చూసేవాళ్లు. 1977తో ఆ పోటీ ఆగిపోయింది. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో మోటారుసైకిళ్ల రేసు జరిగే కొండదారి ఒక చుట్టు దాదాపు 60 కిలోమీటర్లు. ఇంచుమించు కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్లినంత దూరం!

ఇలాంటి వాటిలో కొన్ని ఇప్పుడు రేసు ట్రాక్‌లుగా లేవు. ఫ్రాన్స్‌లో రువాన్ నగరం దగ్గర జనం తిరిగే రోడ్ల మీదే ఉండే ట్రాక్ 1994లో మూతపడింది. అయినా 1998లో వచ్చిన ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’ అనే సిమ్యులేటర్‌లో ఆ దారి 1960ల నాటి రూపంలో అలాగే ఉంది. టార్గా ఫ్లోరియో దారిని అభిమానులే కొలతలు వేసి తెరకెక్కించారు. మూతపడ్డ ట్రాక్‌లలో పాత రూపంలో రేసు నడపాలంటే మిగిలిన చోటు అదే.

మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల రేసు జరిగింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్, లుంబినీ పార్కు మీదుగా 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. రోజూ ఆటోలు, సిటీ బస్సులు తిరిగే రోడ్డు మీద డ్రైవర్లు ముందుగా సాధన చేయడం కుదరదు. అందుకే ఇలాంటి నగర వీధుల రేసులకు వాళ్లు సిమ్యులేటర్ల మీదే తయారవుతారు. ఆ రోజు గెలిచిన ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది.

కోరుట్లలో పచ్చజెండా

ఇక మన దారి. కోరుట్ల 63వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. అటు నిజామాబాద్, ఇటు జగిత్యాల. అక్కణ్నుంచి దక్షిణానికి తిరిగితే కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ వస్తుంది. మరో పన్నెండు కిలోమీటర్లకు సిరిసిల్ల.

దారిలో వరి, మక్క, పసుపు. మధ్యమధ్య మామిడి తోటలు. గట్ల మీద తాళ్లు, ఈదులు. వరద కాలువ వంతెన. కలికోట, బొమ్మెన, సిరికొండ లాంటి ఊళ్లకు చీలే చిన్నదారులు. రుద్రంగి దగ్గర పడుతుంటే గుట్టలు, అడవి. వేములవాడలో రాజన్నకు కోడె మొక్కు చెల్లించే భక్తులు. శివరాత్రి వచ్చిందంటే ఆ దారిలో బస్సుల వరస. చివర సిరిసిల్లలో సాంచాల చప్పుడు. ట్రాక్ తయారు చేసేవాడు చప్పుళ్లను కూడా చోటు చూసి పెట్టాలి. సిరిసిల్లలోకి అడుగుపెట్టగానే ఇంజిన్ మోత వెనక సాంచాల టకటక వినిపించకపోతే ఆ ట్రాక్ సిరిసిల్లకు చేరినట్టే కాదు.

ఈ ప్రాంతమంతా ఒకప్పుడు కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరు 11న జిల్లాల్ని విడదీసినప్పుడు కథలాపూర్ జగిత్యాల జిల్లాలోకి, రుద్రంగి నుంచి అవతలి భాగం రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వెళ్లాయి. అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం కథలాపూర్‌కు ఇప్పటికీ వేములవాడే. చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, తెర మీద బోర్డులు రాసేటప్పుడు మొదటి చిక్కు ఇక్కడే. బోర్డు మీద ఏ జిల్లా పేరు రాయాలి? అంటే ఏ సంవత్సరంలోని దారిని వేయాలి?

ఆకాశం నుంచి కొలత

దారి గీత దొరకడం తేలికే. ఉపగ్రహ చిత్రాల మీద రోడ్డు వెంట చుక్కలు పెట్టుకుంటూ పోతే చాలు, కంప్యూటర్ వాటిని కలిపి మెలికల గీతగా మారుస్తుంది. కష్టమంతా ఎత్తుపల్లాలతోనే. పై నుంచి తీసిన ఫొటోలో గుట్ట, గుంత ఒకేలా కనిపిస్తాయి.

అందుకు సాయపడేది 2000 ఫిబ్రవరిలో జరిగిన ఒక ప్రయాణం. అమెరికా అంతరిక్ష నౌక ఎండవర్ 11 రోజులపాటు భూమి చుట్టూ తిరిగి, రాడార్‌తో నేల ఎత్తుల్ని కొలిచింది. ప్రపంచంలోని నేలలో దాదాపు 80 శాతం ఆ లెక్కలోకి వచ్చింది. కథలాపూర్ గుట్టలూ వచ్చాయి. ఆ లెక్కల్ని ఇప్పుడు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మన ఇస్రో కూడా 2005 మే 5న కార్టోశాట్-1ను పంపింది. రెండు కళ్లతో చూసినట్టు రెండు కెమెరాలతో ఒకే చోటును రెండు కోణాల్లో తీసి, ఎత్తు లెక్కగట్టడం దాని పని. ఆ చిత్రాల్ని అందుకుని పటాలుగా మార్చే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నది మన హైదరాబాద్‌లోనే, బాలానగర్‌లో. 2009లో మొదలైన భువన్ పోర్టల్‌లో వాటిని చూడొచ్చు.

అయితే ఈ లెక్కల్లో ఒక్కో కొలతకూ మధ్య 30 మీటర్ల దూరం ఉంటుంది. గుట్ట తెలుస్తుంది. చెరువు కట్ట తెలుస్తుంది. కల్వర్టు దగ్గర బస్సు ఎగిరిపడి, వెనక సీటులోని పిల్లలంతా కేరింతలు కొట్టే ఆ మూపురం మాత్రం తెలియదు. చిన్నప్పటి దారిలో బాగా గుర్తున్నదే అది!

తమ్ముడి బండి, అన్న జ్ఞాపకం

అలాంటప్పుడు ఊళ్లో ఉన్న మనిషి సాయం కావాలి. ‘తమ్మీ, ఫోన్ జేబుల పెట్టుకొని రుద్రంగి దాక ఒక్కసారి బండి మీద పోయిరా’ అని అన్న ఫోన్ చేస్తాడు. ఫోన్‌లోని జీపీఎస్ దారిని నమోదు చేస్తుంది. కుదుపుల్ని పట్టే సెన్సర్ గుంతల్ని లెక్కపెడుతుంది. హ్యాండిల్‌కు కట్టిన ఇంకో ఫోన్ వీడియో తీస్తుంది. జీపీఎస్‌లో కొద్ది మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు తిరిగి సగటు చూసుకోవాలి.

సాయంత్రానికి తమ్ముడి దగ్గర్నుంచి జవాబు ఇలా వచ్చినా ఆశ్చర్యం లేదు.

‘అన్నా, నువ్వు జెప్పిన చింతచెట్టు ఏడుందే? రోడ్డు ఎడల్పు జేసినప్పుడే కొట్టేసిన్రు.’

‘మరి మూలమలుపు?’

‘మలుపెక్కడిది? సక్కగ జేసిన్రు.’

అన్న గుర్తుపెట్టుకున్న దారి వేరు. తమ్ముడు రోజూ తిరిగే దారి వేరు. మన రోడ్ల లెక్క ప్రకారం ఒక వరస రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. రెండు వరసలదైతే 7 మీటర్లు. బస్సు వెడల్పు రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. అంటే పాత రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే ఇద్దరిలో ఒకరు మొరంలోకి దిగాల్సిందే. ఎవరు దిగాలన్నది డ్రైవర్ల మర్యాదను బట్టి, మొండితనాన్ని బట్టి ఉండేది. అంత సన్న రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయడం కుదరదు. అక్కడ గడియారంతోనే పోటీ. ఐల్ ఆఫ్ మ్యాన్‌లోనూ అంతే, ఒక్కొక్కరినీ కొన్ని సెకన్ల తేడాతో వదులుతారు.

తెర మీద కొలిచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. చిన్నప్పుడు కొండంత అనిపించిన ఎక్కుడు, నిజానికి నాలుగైదు మీటర్లే కావచ్చు. ఎప్పటికీ రాదనుకున్న మేనమామ ఊరు, గట్టిగా చూస్తే పదిహేను కిలోమీటర్లు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వెళితే కోరుట్ల నుంచి సిరిసిల్ల అరగంట. మరి బస్సులో అంతసేపు ఎందుకు పట్టేది? చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగేది కాబట్టి. బీడీల చాటతో ఒకరు, కోడిపిల్లల గంపతో ఇంకొకరు ఎక్కేవాళ్లు కాబట్టి. కండక్టరు చిల్లర కోసం వెనక్కి వెళ్లి వచ్చేదాకా డ్రైవర్ కదిలించేవాడు కాదు కాబట్టి. పిల్లాడికి దారి పెద్దదిగా తోచింది దూరం వల్ల కాదు, ఆగిన చోట్ల వల్ల.

వడ్ల కుప్ప ఉంచాలా, తీసేయాలా?

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. రేసు ట్రాక్ ఆపకుండా పోనివ్వడానికి కట్టింది. ఊరి దారి అడుగడుగునా ఆపుతుంది. బర్రెలు ఆపుతాయి. బడి విడిచిన పిల్లలు ఆపుతారు. పెళ్లి బరాత్ ఆపుతుంది. వానాకాలం పంట కోతలయ్యాక, మళ్లీ యాసంగి కోతలయ్యాక, రోడ్డు సగం కల్లంగా మారుతుంది. వడ్లు, మక్కలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి నల్ల పరదాలు కప్పుతారు. చీకట్లో ఆ కుప్పలు కనిపించక, ఆ రాళ్లకు తగిలి మోటారుసైకిళ్ల మీద వెళ్లేవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు తెలంగాణ పల్లెల్లో ఉన్నాయి. ఆరబెట్టే రైతుకు వేరే చోటు లేదు. రాత్రి పని ముగించుకుని ఇంటికొచ్చే మనిషికి వేరే దారి లేదు.

సిమ్యులేటర్‌లో ప్రతి పరచుకు ఒక పట్టు విలువ రాయాలి. తారుకు ఇంత, గడ్డికి ఇంత, మొరానికి ఇంత అని. ఆ అంకెను బట్టే టైరు జారుతుందో నిలుస్తుందో తేలుతుంది. ఎండిన వడ్ల మీద టైరు ఎలా జారుతుందో ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ముందే రాసిపెట్టి ఉండదు. ఆ వడ్ల మీద ఒకసారి జారినవాడే ఆ అంకె వేయాలి.

కుప్పల్ని తీసేస్తే ట్రాక్ శుభ్రంగా ఉంటుంది. కానీ కథలాపూర్‌లా ఉండదు. అలాగే ఉంచితే కథలాపూరే, కానీ రేసు సాగదు. మధ్యేమార్గం ఒకటుంది. ఒకే దారిని రెండు కాలాల్లో తయారు చేయడం. ఎండాకాలం మధ్యాహ్నం, రోడ్డు ఖాళీ... అది వేగం కోరేవాళ్లకు. కోతల కాలం, సాయంత్రం, రోడ్డుకు ఒకవైపు వడ్లు, మరోవైపు ఇంటికి మళ్లిన పశువులు... అది ఇంటికి వెళ్లాలనుకునేవాళ్లకు.

ఇందులో ఊళ్లో కుర్రాళ్లకూ ఒక మాట ఉంది. కొత్తగా వెడల్పయిన రోడ్డు చూడగానే బండి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. తెర మీద మలుపు తప్పి గుట్టను గుద్దితే ఒక మీట నొక్కి మళ్లీ కోరుట్ల నుంచి మొదలుపెట్టొచ్చు. రుద్రంగి మలుపు దగ్గర నిజంగా తప్పితే అలాంటి మీట ఉండదు. ఈ దారిలో వేగం చూడాలనుకుంటే దానికి సరైన చోటు తెరే.

నీళ్ల కింది రోడ్డు

కథలాపూర్ మండలం మీదుగా పోయే వరద కాలువ చివరికి చేరేది మిడ్ మానేరుకు. వేములవాడ పక్కనుంచి పారే మూలవాగు, సిరిసిల్ల మీదుగా వచ్చే మానేరు కలిసేచోట కట్టిన జలాశయమది. 25 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టే ఆ జలాశయం 2019 చివరికల్లా నిండుకుండలా మారింది. పొలాలకు నీళ్లొచ్చాయి. కొడుముంజ, అనుపురం, రుద్రవరం, చింతల్‌ఠాణా, చీర్లవంచ, నీలోజిపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. అవే పేర్లతో పునరావాస కాలనీలు వెలిశాయి. పేర్లు వచ్చాయి, ఇళ్లు వచ్చాయి. వాకిలి ముందు నుంచి వాగు దాకా వెళ్లే దారులు మాత్రం నీళ్ల కిందే ఉండిపోయాయి.

సిరిసిల్ల దాకా వేసినవాడు, ఒకప్పుడు చుట్టాలింటికి వెళ్లిన ఆ ఊళ్ల దారి కూడా వేయాలనుకుంటే? ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో అక్కడ కనిపించేది నీలం రంగే. కానీ ఎండవర్ నేలను కొలిచింది 2000లో. అప్పటికి అక్కడ జలాశయం లేదు. కాబట్టి ఆ అంకెల్లో మానేరు లోయ ఇంకా పొడిగానే ఉంది. గట్టు ఎక్కడ ఎత్తు పెరిగిందో, వాగు వైపు నేల ఎక్కడ దిగిందో అన్నీ అలాగే ఉన్నాయి. గూగుల్ ఎర్త్‌లో వెనకటి సంవత్సరాల చిత్రాలు చూసే వీలుంది. వాటిలో ఆ ఊళ్ల వీధులు కనిపిస్తే గీత అక్కణ్నుంచి తీసుకోవచ్చు. ఎత్తు ఎండవర్ ఇస్తుంది. మిగిలింది ఆ ఊళ్లలో బతికినవాళ్లు చెప్పాలి. బడి ఏ వైపు ఉండేది, రచ్చకట్ట మీద ఏ చెట్టు ఉండేది, బస్సు ఎక్కడ వెనక్కి తిప్పేవాళ్లు అని.

ఇది ఏ కంపెనీ చేసే పని కాదు. లాభం వచ్చే పనీ కాదు. సాయంత్రాలు, ఆదివారాలు కూర్చుంటే నెలలు పడుతుంది. కానీ చెప్పగలిగేవాళ్లు ఇంకా ఉన్నారు. కాలనీల్లో అరుగుల మీద కూర్చుని, పాత ఊళ్లో ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో వరసగా చెప్పే ముసలివాళ్లున్నారు. వాళ్లు ఉండగానే అడగాలి.

ట్రాక్ పూర్తయిన రోజున స్టీరింగ్ ముందు ముందుగా కూర్చోవాల్సింది వాళ్లే. పక్కన మనవడు నిలబడి యాక్సిలరేటర్ చూపిస్తే చాలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయినా ఎవరూ హారన్ కొట్టరు. వేములవాడ దాటి, ఎడమకు తిరిగి, నీళ్లు లేని లోయలోకి దిగి, ‘ఆపు... ఆపు, గిదే మన గల్లీ’ అంటే బ్రేకు మీద కాలు పెట్టడమే.